పది లక్షల ఇరవై రెండు వేల నూట పదిహేడు

పది లక్షల ఇరవై రెండు వేల నూట పదిహేడును మా అక్క ఏ సంఖ్యతో తప్పుగా భాగించింది?

ఈ ప్రశ్న నేను మేయరుగారిని అడిగాను. ఆయన దగ్గర పనిచేసే పౌరసంబంధాల అధికారిని అడిగాను. పత్రిక సంపాదకుణ్ణి అడిగాను. ముగ్గురూ మర్యాదస్తులే. కుర్చీ చూపించారు, మంచినీళ్లు తెప్పించారు, నా నెరిసిన జుట్టును గౌరవించారు. సంఖ్య మాత్రం చెప్పలేదు. "ఏదో తప్పు జరిగింది కదండీ" అన్నారు. జరిగింది. ఏది, ఎక్కడ, ఎవరి వల్ల అన్నదే నా ప్రశ్న. తప్పు జరిగిందని తెలిస్తే చాలు, దాన్ని దగ్గరలో ఉన్న ఆడమనిషికి అంటగట్టి చేతులు దులుపుకోవచ్చు అనుకునేవారికి ఈ వివరాలు అనవసరం. నాకు అవసరం. కాబట్టి వివరంగానే చెబుతాను.

చాలా ఏళ్ల కిందట జనాభా లెక్కలు ముగిశాక మా నగర జనాభా 10,22,117 అని ప్రకటించారు. నగరాన్ని రెండు పురపాలక సంఘాలుగా విడదీయాలన్న ప్రతిపాదన అప్పుడే మొదలైంది. కాలేజీలో లెక్కలు చెప్పే మా బావ ఆ సంఖ్యను పత్రికలో చూసి, ఇది ప్రధాన సంఖ్యలా ఉందే అన్నారు. ఒకటితోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగించడానికి వీలుకానిదాన్ని ప్రధాన సంఖ్య అంటారు. ఆయన పరీక్షించి, అవునని తేల్చి, పత్రికకు నాలుగు వాక్యాలు రాశారు. విడదీయడం ఇష్టం లేని అప్పటి మేయరుకు ఆ నాలుగు వాక్యాలు దేవుడిచ్చిన వరమయ్యాయి. ప్రధాన రహదారి మీద తోరణం లేచింది. దాని మీద అడుగెత్తు అంకెలలో ఆ సంఖ్య, కింద "విభజించడానికి వీలులేని నగరం: ఇది గణితం మాట" అన్న వాక్యం.

బేసి సంఖ్యను రెండు సమభాగాలు చేయలేమని తెలుసుకోవడానికి అది ప్రధాన సంఖ్య కానక్కరలేదని నేను ఆనాడే అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. మురుగుకాలవల సరిహద్దు తెగక ఆ ప్రతిపాదన దానంతట అదే చచ్చిపోయింది; ఘనత బావకు దక్కింది. అప్పటినుంచి ఆయన ఊరందరికీ "ప్రైమ్ మాస్టారు". కూరగాయల దుకాణంలో కూడా ఆయన సంచిలో ఒక టమాటా ఎక్కువ పడేది.

తోరణం మీద లేని సంగతి ఒకటుంది. ఆ పరీక్ష ఆయన ఒక్కరే చేయలేదు.

పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్య అవునా కాదా అని చేత్తో తేల్చడానికి ఒక మోటు పద్ధతి ఉంది. దాని వర్గమూలం ఎంతో చూసుకుని, అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ వరుసగా భాగించాలి. ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధమైతే, ఆ రెండిట్లో చిన్నది వర్గమూలాన్ని దాటదు. కాబట్టి అక్కడిదాకా ఏదీ సరిగ్గా భాగించకపోతే ఇక ఏదీ భాగించదు. పద్ధతి సులువే; నడుము విరిగేది భాగహారాల దగ్గర. బావ పాఠ్యపుస్తకం చివర ఉన్న ప్రధాన సంఖ్యల పట్టికను చింపి వంటింటి గోడకు అంటించి, పని పంచారు.

"నాలుగు వందల లోపువి నావి, పైవి నీవి. పెద్దవాటితో భాగిస్తే భాగఫలం చిన్నదొస్తుంది. నీకే సులువు."

"మీ దయకు దండమండీ" అంది అక్క. పట్టికలో నాలుగు వందలకు పైన ఉన్నవే ఎక్కువ.

అక్క ఇది చేయగల మనిషి. ఆమె కూడా లెక్కలలోనే పట్టా పుచ్చుకుంది. భూముల సర్వే ఆఫీసులో వైశాల్యాలు కట్టడమే ఆమె ఉద్యోగం, ఆ ఉద్యోగంలోనే పదవీ విరమణ చేసింది. భాగించడం, భాగఫలాన్ని మళ్లీ గుణించి శేషం కలిపి సరిచూడడం, ఆ తర్వాతే గీత గీయడం ఆమె అలవాటు. బావ పరీక్ష పేపర్ల వెనక వైపున ఇద్దరూ ఒకే బల్ల మీద ఎదురెదురుగా కూర్చుని ఆ పని ముగించారు. ఆ కాగితాలు తర్వాత అల్మరా అరలలో పరుపులయ్యాయి, ఆ తర్వాత చెత్తబుట్టకు వెళ్లాయి. పత్రికకు రాసిన నాలుగు వాక్యాలలో "నేను" అన్న మాట మూడుసార్లు ఉంది. అక్క ఆ కత్తిరింపును పటం కట్టించి ముందు గదిలో తగిలించింది. అలిగింది నేను, ఆమె కాదు.

ఇక ఈ ఏటి సంగతి. నా దవడ పన్ను ఒకటి సలుపు పెట్టి పళ్ళ డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను. ఆమె గది కిటికీ సరిగ్గా తోరణానికి ఎదురుగా ఉంటుంది. ఊళ్లో ఎవరికీ లేని సౌకర్యం ఒకటి ఆమెకుంది: ఎదుటివారి నోరు తెరిపించి తన మాట చెబుతుంది.

"పెద్దగా తెరవండి ఆంటీ. ఇంకొంచెం. మీ బావగారి తోరణం సంగతి విన్నారా?"

"ఆఁ?"

"మత్తు ఎక్కేదాకా నాకు పనుండదు కదా, ఆ అంకెలే చూస్తూ కూర్చుంటాను. మొన్న ఊరికే వెయ్యిన్ని పదకొండును దాంతోనే గుణించా. ఎంతొచ్చిందో తెలుసా? పది లక్షల ఇరవై రెండు వేల నూట ఇరవై ఒకటి! మన ఊరు దానికి నాలుగే తక్కువ."

"ఆఁ..."

"నాలుగంటే రెండు రెళ్లు. పెద్ద వర్గంలోంచి చిన్న వర్గం తీసేస్తే ఏమవుతుంది? ఎనిమిదో తరగతి ఆంటీ! మొత్తం ఇంటూ భేదం. వెయ్యిన్ని పదకొండుకి రెండు కలిపితే వెయ్యిన్ని పదమూడు, రెండు తీసేస్తే వెయ్యిన్ని తొమ్మిది. ఆ రెండూ గుణించుకోండి, మన ఊరొస్తుంది. విడదీయలేరన్నారుగా, రెండు ముక్కలు చేసి చేతిలో పెట్టా. ఇప్పుడు పుక్కిలించండి."

పుక్కిలించి, మొద్దుబారిన నాలుకతో అడిగాను. "బావకు చెప్పావా?"

"మొన్న సాయంత్రమే. తోరణం దగ్గర కనిపించారు. కాసేపు అలా నిలబడిపోయారు. తర్వాత శభాష్ తల్లీ అని నా భుజం తట్టి వెళ్లిపోయారు. ఎంత పెద్ద మనసండీ!"

ఇంటికి వచ్చి గుణించాను. 1009ని 1013తో గుణిస్తే 10,22,117. ఒక్క అంకె తేడా లేదు. డాక్టరమ్మ మీద నాకు కోపం రాలేదు. ఒక నిజాన్ని అంత సంతోషంగా చెప్పేవారు అరుదు. కానీ ఆ సంతోషం ఆ వారంలో ఎన్ని నోళ్లు తెరుచుకున్నాయో అన్ని ఇళ్లకూ వెళ్లింది, చివరికి ఇప్పటి మేయరు ఇంటికీ వెళ్లింది.

మేయరు, ఆయన అధికారి అక్క ఇంటికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. మేయరు సోఫా అంచున కూర్చున్నారు. అధికారి కుర్రతనం పోని మనిషి. కత్తిరింపు ఉన్న అద్దాల పటం కిందే కూర్చుని, తలెత్తి దాన్ని చూడలేదు.

"మాస్టారూ, మీ మీద ఈగ వాలనివ్వం. అది ముందే చెబుతున్నా" అన్నారు మేయరు. "కానీ ఆ డాక్టరమ్మ నోళ్లు తెరిపించి మరీ చెబుతోంది. ఊరు మనల్ని చూసి నవ్వకముందే మనమే ఒక మాట చెప్పేస్తే గౌరవంగా ఉంటుంది."

బావ తల ఊపారు.

"అప్పట్లో ఆ లెక్కంతా సార్ ఒక్కరే చేశారాండీ?" అని అడిగాడు అధికారి.

"ఇద్దరం కలిసి చేశాం" అన్నారు బావ.

"రెండోవారు?"

అప్పుడే టీ పళ్లెంతో వచ్చిన అక్క నవ్వుతూ చెప్పింది. "నేనేనండీ. నాలుగు వందలకు పైనున్నవన్నీ నా వాటా. పెద్దవి ఈయన నాకు అంటగట్టారు."

అధికారి కాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచన అతని ముఖం మీద నడుస్తూ రావడం నేను చూశాను. "ఇప్పుడు బయటపడినవి వెయ్యి పైవి కదండీ. అంటే పెద్దవి. అంటే, తప్పుగా అనుకోకండి, మేడమ్‌గారి వాటాలోవి."

"అదీ సంగతి!" అన్నారు మేయరు. ఆయన భుజాలు కిందికి దిగాయి. సోఫాలో వెనక్కి జరిగి కూర్చున్నారు.

అక్క కప్పులు అందించింది. "అంతే అయివుంటుందండీ" అంది. "పెద్దవన్నీ నావే కదా."

నేను బావను చూశాను. ఆయన టీలో చెంచా తిప్పుతున్నారు. ఆయనకు చక్కెర జబ్బు. ఆ టీలో కరగడానికి ఏమీ లేదు.

రెండు రోజులలో అధికారి ఒక ప్రకటన టైపు చేయించి పంపాడు. "గృహిణి అయిన తన సతీమణి చేసిన భాగహారంలో దొర్లిన పొరపాటు కారణంగా" అని అందులో ఉంది. సోమవారం నగర సభలో దాన్ని చదువుతారు; అక్క సంతకం కావాలి. పదవీ విరమణ పింఛను తీసుకుంటున్న ఉద్యోగిని గృహిణి అనడానికి అతనికి ఎవరినీ అడగవలసిన అవసరం కనబడలేదు.

నేను కోపంతో ఊగిపోతూ వెళితే, అక్క భోజనాల బల్ల దగ్గర భాగిస్తూ కనిపించింది. బల్లంతా కాగితాలు. తరగవలసిన ఉల్లిపాయలు ఒక పక్క ఎండుతున్నాయి.

"సంతకం పెడతావా?"

"పెడతానే. కానీ ఏది తప్పిందో తెలియకుండా ఎలా పెట్టను? ముందు అది దొరకాలి." ఆమె తలెత్తలేదు. "నాలుగు వందల ఒకటి చేశాను. మూడు వందల అరవై తొమ్మిది మిగిలింది. నాలుగు వందల తొమ్మిదికి ఇరవై ఆరే మిగిలింది చూడు. అంత దగ్గరికొచ్చింది. అక్కడే పొరబడ్డానేమోనని ఇంకోసారి చేశాను. మళ్లీ ఇరవై ఆరే."

"అయితే అది సరిగ్గానే చేశావన్నమాట."

"అది సరే. తప్పింది ఇంకోటి ఉండాలిగా."

మర్నాడూ అదే పని. ఆ మర్నాడూ అంతే. ప్రతి సంఖ్యకూ ఏదో ఒక శేషం మిగిలేది. నేనైతే సంతోషించేదాన్ని, ఆమె మాత్రం ఒక్కొక్క సరైన లెక్కకూ ఇంకాస్త కుంగిపోయేది. దొరకని తప్పు అంటే ఇప్పటికీ చేస్తున్న తప్పేనని ఆమె లెక్క. మూడో రోజు బావ మందుల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"ఈ వారం మాత్రలు నువ్వు సర్దవే. పొద్దుటివీ మధ్యాహ్నానివీ కలిపేస్తానేమో అని భయమేస్తోంది."

"ఇన్నేళ్లలో ఎప్పుడైనా కలిపావా?"

"కలపలేదనే అనుకున్నాను. భాగహారం కూడా తప్పలేదనే అనుకున్నాను కదా."

ఆమెకు జరిగిన నష్టం ఏమిటో ఆ మాటతో నాకు పూర్తిగా తెలిసింది. తోరణం పోతే పోయింది. అది ఎప్పుడూ ఆమెది కాదు. కానీ తన చేయి తప్పదన్న నమ్మకం ఆమెది. జీవితమంతా దాని మీద నిలబడి పొలాల హద్దులు తేల్చింది. ఇప్పుడు ఎవరో కుర్రవాడు సోఫాలో కూర్చుని ఒక్క "అంటే"తో దాన్ని ఆమె చేతిలోంచి లాక్కుపోయాడు.

మాత్రలు సర్దుతూ అడిగాను. "అక్కా, ఆ వెయ్యిన్ని తొమ్మిదితో భాగించినప్పుడు నీకు అప్పట్లో ఎంత మిగిలింది?"

"వెయ్యిన్ని తొమ్మిదా? దాంతో ఎందుకు భాగిస్తాను? పట్టిక తొమ్మిది వందల తొంభై ఏడుతో అయిపోతుంది. వెయ్యి లోపు అదే ఆఖరుది."

అని, పెన్సిలు ఆపింది.

"మరి వెయ్యిన్ని తొమ్మిది ఎవరి వాటా?" అన్నాను.

ఆమె కొత్త కాగితం తీసుకుంది. వెయ్యిన్ని పదిని దాంతోనే గుణించింది: పది లక్షల ఇరవై వేల నూరు. మన జనాభా ఇంకా ఎక్కువే. వెయ్యిన్ని పదకొండుతో చూసింది, నాలుగు దాటింది. అంటే వర్గమూలం వెయ్యిన్ని పది దాటి, పదకొండుకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. పరీక్ష అక్కడిదాకా వెళ్లాలి. వెయ్యికీ వెయ్యిన్ని పదికీ మధ్య ప్రధాన సంఖ్య ఒకటే ఉంది. అది వెయ్యిన్ని తొమ్మిది.

"పది లక్షల చిల్లర కదా, పది లక్షలకు వర్గమూలం వెయ్యి, వెయ్యి దాకా చూస్తే చాలు అన్నారు" అంది అక్క మెల్లగా. "గోడకు పట్టిక అంటిస్తూ అన్నారు. నాకు బాగా గుర్తుంది. చిల్లర."

ఆ చిల్లర ఇరవై రెండు వేల నూట పదిహేడు మంది మనుషులు. జనాభాను పది లక్షలకు కుదించి వర్గమూలం చూసినవారు వాళ్లందరినీ ఒక్క మాటతో ఊళ్లోంచి పంపించేశారు. వాళ్లను లెక్కలో ఉంచితే ఇంకొక్క భాగహారం చేయవలసి వచ్చేది, శేషం సున్నా వచ్చేది.

"ఇప్పుడు విను" అన్నాను. "వెయ్యిన్ని తొమ్మిదీ, వెయ్యిన్ని పదమూడూ రెండూ ప్రధాన సంఖ్యలే. అంటే ఒకటీ, తానూ కాక మన సంఖ్యకు ఆ రెండే కారణాంకాలు, ఇంకొకటి లేదు. నీ వాటాలో ఉన్నవాటిలో ఒక్కటి కూడా దాన్ని సరిగ్గా భాగించదు. నువ్వు అన్ని భాగహారాలూ తప్పు చేసి ఉన్నా సరే, ఒక్క కారణాంకాన్ని జారవిడిచి ఉండలేవు. జారిపోవడానికి అక్కడ ఒక్కటీ లేదు."

అక్క ముఖం ముందు విప్పారింది. చిన్నపిల్లలా నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగింది.

"ఇది ఆయనకు తట్టి ఉంటుందా?"

"తట్టింది" అన్నారు బావ. ముందు గదికీ భోజనాల గదికీ మధ్య తలుపు తెరిచే ఉంది. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. "డాక్టరమ్మ చెప్పిన సాయంత్రమే. ఇంటికొచ్చే దారిలోనే."

"అయితే మేయరు వచ్చిన రోజు..." అని నేను మొదలుపెట్టాను. నేను అనబోయిన మాటలు చాలా పదునైనవి.

"నువ్వుండవే" అంది అక్క.

బావ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నలభై ఏళ్లు పిల్లలకు ఒకటే చెప్పాను. ఎక్కడిదాకా వెళ్లాలో ముందు తేల్చుకోండ్రా, ఆ తర్వాతే పెన్సిలు పట్టండి అని. ఎంతమందికి మార్కులు తీసేశానో దానికి. అదే తప్పు నేను చేశానని చెప్పడానికి నోరు రాలేదు. భాగహారంలో పొరపాటంటే ఎవరికైనా జరుగుతుంది, జనం మర్చిపోతారు అనుకున్నా. నీకు అంత పట్టింపు ఉండదనుకున్నాను."

ఆయన చేతులు బల్ల మీది కాగితాలను సర్దుతున్నాయి. ముసలి చేతులు. నాకు ఆయన మీద జాలి కలగలేదని చెప్పలేను. ఒక మనిషికి జీవితంలో ఒకే తోరణం దొరికినప్పుడు, దాని కిందినుంచి తన చేతులతో ఇటుక లాగడం తేలిక కాదు.

అక్క గొంతు పెంచలేదు.

"వెయ్యి దగ్గర ఆగమన్నందుకు నేనేమీ అనను. నేను కూడా అడగలేదుగా. వాళ్ల ముందు నోరు మెదపనందుకు కూడా పోనీ అనుకుంటాను. కానీ మూడు రోజులుగా నేనిక్కడ భాగిస్తున్నానండీ. దొరకదని మీకు తెలుసు. ఆ గదిలో కూర్చుని, ఈ తలుపులోంచి చూస్తూ ఊరుకున్నారు. నిన్న నా చేతికి పెన్సిలు చెక్కి కూడా ఇచ్చారు."

బావ లేచి, బల్ల చివర ఉన్న ప్రకటన తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"సోమవారం నేను మాట్లాడతాను" అన్నారు.

మాట్లాడారు. ఆ మాట నిలబెట్టుకున్నారని రాయడం నా ధర్మం. నగర సభలో ఎత్తైన వేదిక, కింద వరసలుగా కుర్చీలు. అక్కా నేనూ రెండో వరసలో కూర్చున్నాం. అధికారి ప్రకటన చదవడానికి లేవబోతే బావ అతన్ని ఆపి మైకు ముందుకు వెళ్లారు. కాగితం చూడలేదు.

"తోరణం మీద ఉన్నది తప్పు. ఆ తప్పు నాది. వెయ్యి దగ్గర ఆగమన్నది నేను, ఆగకుండా ఉండాల్సింది. మా ఆవిడ భాగించినవాటిలో తప్పు లేదు, ఉండడానికి వీల్లేదు. వెయ్యిన్ని తొమ్మిది అసలు ఆవిడ ముందుకే రాలేదు. నేను రానివ్వలేదు."

ఇంతకంటే స్పష్టంగా మనిషి మాట్లాడలేడు. మేయరు లేచి బావ భుజాల చుట్టూ చేయి వేశారు.

"చూశారా! భార్య మాట పడకూడదని మొత్తం తన నెత్తిన వేసుకున్నారు. మాస్టారంటే ఇదీ!"

చప్పట్లు మోగాయి. వెనక వరసలలోవారు లేచి నిలబడి కొట్టారు. "కాదండీ, నేను చెప్పేది..." అంటున్న బావ గొంతు మైకులో వినిపించింది, మునిగిపోయింది. నా పక్కనే ఉన్న ఒకావిడ కళ్లు తుడుచుకుని తన భర్తను మోచేత్తో పొడిచింది. "మీరైతే అనేవారా ఒక్కనాడైనా?"

అక్క నా చెవి దగ్గర వంగింది. "ఎందుకే చప్పట్లు కొడుతున్నారు?"

మర్నాడు పత్రికలో పెద్ద అక్షరాలు: "సతీమణి పొరపాటును తనపై వేసుకున్న ప్రైమ్ మాస్టారు." నేను సంపాదకుడి దగ్గరకు వెళ్లింది ఆ రోజే. ఆయన సభలో ఉన్నారు, ప్రతి మాటా విన్నారు. "మంచి కథండీ. ఇలాంటి మంచి కథను చెడగొట్టడం దేనికి?" అన్నారు.

తోరణం మీద ఇప్పుడు అంకెలు లేవు. "స్వచ్ఛ నగరం" అని రాయించారు. బావ దుకాణం దుకాణం తిరిగి చెబుతున్నారు: తప్పు నాది, వెయ్యి దగ్గర ఆగాను, ఆవిడది కాదు అని. ఆయన ఎంత చెబితే అంత గొప్పవారవుతున్నారు. నిజం చెప్పి నమ్మించలేకపోవడం ఎలా ఉంటుందో ఆయనకు ఈ వయసులో అనుభవానికి వస్తోంది. రోజూ ఇంటికి వచ్చి, ఇవాళ కూడా నమ్మలేదు అని అక్కకు చెబుతారు. ఆమె మంచినీళ్లు ఇస్తుంది. ఆయన్ని క్షమించిందో లేదో నేను అడగలేదు. అది వాళ్లిద్దరి సంగతి.

నాకు మింగుడు పడనిది ఇంకో సంగతి. అక్క కూరగాయలకు వెళ్లడం మానేసింది. వెళితే దుకాణంవాడు, బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ, వీధి చివర మందుల కొట్టులో అమ్మాయి, అందరూ ఒకే మెత్తని గొంతుతో ఒకే మాట అంటున్నారు: "పోనీలెండమ్మా, లెక్కన్నాక తప్పుతుంది. మీ ఆయన దేవుడు." వాళ్లకు ఆమె మీద కోపం లేదు. ప్రేమతోనే అంటున్నారు. ఆమె మొదట్లో తొమ్మిది వందల తొంభై ఏడుతో పట్టిక ముగుస్తుందని వివరించేది. వాళ్లు మధ్యలోనే ఆమె చేయి పట్టుకుని నిమిరేవారు.

ఆ నిమిరిన చేతులలో మీది ఒకటి కావచ్చు. ఆ చప్పట్లలో మీవి ఉండవచ్చు. టీ తాగుతూ ఎవరితోనో "పాపం ఆవిడ భాగహారం తప్పిందట, మాస్టారు తన మీద వేసుకున్నారట" అని మీరే అని ఉండవచ్చు. అయితే లేవండి. ఆ మాట ఎవరితో అన్నారో వారి దగ్గరకు ఇవాళే వెళ్లి, "నేను చెప్పింది అబద్ధం" అని చెప్పండి. ఎందుకు అబద్ధమో కాగితం మీద చేసి చూపించండి. ఆ తర్వాత మా అక్క ఇంటికి రండి. వచ్చేటప్పుడు మీ జాలిని గడప అవతలే వదిలిపెట్టండి.